వేలెడు లోతున బెజ్జం

బయూమీ చేతిలో డ్రిల్లు ఉన్నప్పుడు అతన్ని పలకరించకూడదని అలెగ్జాండ్రియా అత్తారీన్ బజారులో పిల్లులకు కూడా తెలుసు. ఆ ఉదయం కొట్లో నిలబడ్డ మందుల షాపాయనకు తెలియదు.

"మేస్త్రీ, పైపు మూతి ఎలాగూ నీళ్ళలోనే ఉంటుంది కదా. మళ్ళీ పక్కన ఈ బెజ్జం ఎందుకు?"

"నీ మాత్రల్లో ఏం కలుపుతారో నేనెప్పుడైనా అడిగానా?" అన్నాడు బయూమీ తలెత్తకుండానే.

పైపు మీద పెన్సిలుతో గీత గీశాడు. అద్దాల తొట్టిలో నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో దానికి గుర్తు ఆ గీత. దానికి వేలెడు కిందుగా డ్రిల్లు మొన ఆనించి, ఊపిరి బిగబట్టి మెల్లగా నొక్కాడు. తొందరపడితే ప్లాస్టిక్ పగులుతుంది. తెల్లటి పొట్టు చుట్టలుగా రాలింది. చాకు మొనతో బెజ్జం అంచు నున్నగా గీకి, నోటితో ఊది, పైపును తొట్టికి బిగించి మోటారు వేశాడు. చెక్క బల్ల కింద ఉన్న చిన్న తొట్టిలోంచి నీళ్ళు పైపు గుండా పైకెక్కి పెద్ద తొట్టిలో పడసాగాయి.

కాసేపు చూసి హఠాత్తుగా ప్లగ్గు పీకేశాడు. మోటారు ఆగింది. ఇప్పటిదాకా పైకెక్కిన నీళ్ళు అదే పైపులో వెనక్కి దిగడం మొదలెట్టాయి. పై తొట్టి తరుగుతోంది, కింది తొట్టి నిండుతోంది. షాపాయన తన కొత్త బూట్లు చూసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. పైన మట్టం వేలెడు తగ్గేసరికి బెజ్జం నీళ్ళలోంచి బయటపడి గుర్రుమని గాలి పీల్చింది. అంతే, నీళ్ళు దిగడం ఆగిపోయింది.

"అరె, దానంతటదే ఆగిందే! ఎలా?"

"నేను పెట్టాను గనుక."

విషయం నిజానికి ఇంతే. కరెంటు పోతే పైపు నీళ్ళను వెనక్కి పీలుస్తుంది, గాలి దూరితే ఆ పీల్చడం తెగిపోతుంది. చంటిపిల్లలకు చెప్పినా అర్థమయ్యే సంగతి. కానీ బయూమీ ఎవరికీ చెప్పడు. అతని గురువు కూడా అతనికి చెప్పలేదు, చెంప పగలగొట్టి చూసి నేర్చుకోమన్నాడు. చెబితే చేతిలో పని పోతుందనేది ఆ బజారు నీతి. ఒకసారి తొట్టి పెట్టించుకున్నవాడు చచ్చినట్టు మళ్ళీ మళ్ళీ మేస్త్రీ గడపే తొక్కాలి. బయూమీకి అందులో గిరాకీ కంటే గర్వమే ఎక్కువ.

వాకిట్లో వెలుతురు తగ్గింది. పొడుగాటి గలాబియా అంగీలు వేసుకున్న నలుగురు మగాళ్ళు నిలబడి ఉన్నారు. చేతుల్లో కర్రలున్నాయి. ముందున్నవాడి మెడ ఆబోతు మెడలా ఉంది. రేవులో మూటలు మోసే హరీదీ అతను.

"బయూమీ మేస్త్రీ నువ్వేనా?"

"నేనే. చేపలు కావాలా, తొట్టి కావాలా?"

"నా తమ్ముడు కావాలి" అన్నాడు హరీదీ.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది బయూమీ ఎత్తిన మోచేతికి తగిలింది. అతను తక్కువవాడేం కాదు, చేతికందిన పైపు ముక్కతో ఒకడి మొహం చీల్చాడు. కానీ నాలుగు కర్రల ముందు ఒక పైపు ఎంతసేపు నిలుస్తుంది? మోకాళ్ళ మీద కూలబడ్డాక కూడా కొట్టారు. తర్వాత తొట్ల మీద పడ్డారు. వరసగా ఒక్కో అద్దం భళ్ళుమంటుంటే ఎర్ర చేపలూ నల్ల చేపలూ నీళ్ళతో పాటు రోడ్డు మీదకు కొట్టుకుపోయాయి. బజారు పిల్లులు పరుగెత్తుకొచ్చాయి. షాపాయన ఎప్పుడో మాయమయ్యాడు.

హరీదీ బయూమీ జుట్టు పట్టి తల పైకెత్తాడు.

"నిన్న మధ్యాహ్నం శహాతా హాజీ హోటల్లో కరెంటు పోయింది. నువ్వు పెట్టిన తొట్టి నీళ్ళన్నీ నేలమాళిగలోకి దిగాయి. మా దాహి ఆ నీళ్ళేంటో చూద్దామని వట్టి కాళ్ళతో కిందికి దిగాడు. వాడు నీళ్ళలో ఉండగా కరెంటొచ్చింది. బొగ్గుల మీద చేపలు కాల్చేవాడు, వాడే కాలిపోయాడు. పైపులు నువ్వే వేశావని హాజీ చెప్పాడు."

"నేను బెజ్జం పెట్టాను!" అని అరిచాడు బయూమీ. నోట్లోంచి నెత్తురు కారుతోంది. "నా చేత్తో బెజ్జం పెట్టాను!"

"విన్నారా?" హరీదీ వెనక్కి తిరిగాడు. "బెజ్జం పెట్టిందీ తనేనని ఒప్పుకుంటున్నాడు!"

బెజ్జం పెట్టింది నీళ్ళు ఆపడానికని ఆ నలుగురిలో ఎవరికి తెలుసు? ఎవరికి చెప్పాడు కనుక?

"పొద్దున్నే పాతిపెట్టాం" అన్నాడు హరీదీ. "పరామర్శలు తీసుకోలేదు."

అలెగ్జాండ్రియాలో పుట్టి పెరిగినవాడికి కూడా ఆ మాటకు అర్థం తెలుసు. ఎగువ సీమ అయిన సయీదు నుంచి వచ్చినవాళ్ళు పరామర్శలు తీసుకోలేదంటే రెండో శవం లేచేదాకా ఆగారని అర్థం. 

మర్నాడు తలకు కట్టుతో, చేతిలో పెద్ద పానాతో బయూమీ అన్‌ఫూషీలో ఉన్న ఆ హోటల్‌కి బయలుదేరాడు. వద్దని భార్య ఇన్‌షిరాహ్ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆమెను పక్కకు తోసి మరీ వెళ్ళాడు. ఎవరో తన పనిని చెడగొట్టారు. చావు భయం ఒకెత్తు, ఆ మంట ఒకెత్తు. కొట్టిన దెబ్బల కంటే అదే ఎక్కువ మండుతోంది.

హోటల్ ముందు గదిలో గోడలోనే కట్టిన పెద్ద తొట్టి అడుగంటి ఉంది. అడుగున ఉన్న కాసిని నీళ్ళలో రెండు పీతలు ఒకదాన్నొకటి పట్టుకుని పెనుగులాడుతున్నాయి. గోడ వెనక సన్నటి సందు. తొట్టి పై అంచూ పైపు మూతీ అక్కడికి వస్తాయి. బియ్యం బస్తాల మీద పనివాళ్ళు మధ్యాహ్నం కునుకు తీసేది అక్కడే. బయూమీ బస్తా ఎక్కి పైపును వేళ్ళతో తడిమాడు. వేళ్ళకు కళ్ళుంటాయి అతనికి. గీతకు వేలెడు కింద బెజ్జం ఉండాలి. లేదు. నున్నటి గడ్డ తగిలింది.

చాకు మొనతో తవ్వాడు. గోధుమ రంగు ముద్ద ఊడొచ్చి అరచేతిలో పడింది. జిగురు, అందులో మెలితిప్పిన ఉన్ని. ఖర్జూరం గింజంత గట్టిగా ఉంది.

ఆ తర్వాత నేలమాళిగలోకి దిగి వాల్వు విప్పాడు. నీళ్ళు పైకి మాత్రమే పోవాలి, వెనక్కి రాకూడదని శహాతా పట్టుబట్టి కొని తెచ్చిన వాల్వు అది. సముద్రపు నీళ్ళలో ఇలాంటివాటిని నమ్మకూడదని బయూమీ ఆనాడే నవ్వాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చూస్తే దాని రేకు కింద కందిపప్పంత గుల్ల ఒకటి పుట్టి పెరిగి, రేకును మూతపడనివ్వకుండా తెరిచిపెట్టింది. అంటే నీళ్ళను ఆపవలసింది ఆ బెజ్జం ఒక్కటే. దాన్ని ఎవరో మూసేశారు.

పైకొచ్చేసరికి వెయిటరు మిద్‌హత్ నేల తుడుస్తూ కనిపించాడు. పోయిన నెల ఇతనే ఫోను చేసి, మేస్త్రీ, నీళ్ళు కాస్త తగ్గితే నీ పైపు బుసకొడుతోంది, గిరాకీలు పామనుకుని లేస్తున్నారు అన్నాడు. రోజూ చెంబుడు నీళ్ళు పోస్తే బుస ఉండదని చెప్పవలసింది. నోర్మూసుకుని అన్నం వడ్డించు అని బయూమీ ఫోను పెట్టేశాడు.

"నువ్వేనా దీన్ని మూసింది?"

"ఏది మేస్త్రీ?"

"ఇది!"

"నాకు తెలీదు, అల్లా మీద ఒట్టు, అదేంటో కూడా నాకు తెలీ..."

పానా వెనకవైపు మిద్‌హత్ నోటి మీద పడింది. అతను బల్ల మీదుగా వెల్లకిలా పడ్డాడు. బయూమీ అతని ఛాతీ మీద మోకాలు పెట్టి కొట్టాడు. ఒట్టు అన్నప్పుడల్లా కొట్టాడు. నిన్న తనను కొట్టిన నలుగురి దెబ్బలూ ఈ ఒక్కడి మీద తీర్చుకుంటున్నట్టు కొట్టాడు. ముందు పళ్ళు రెండు ఊడి తడి నేల మీద పడ్డాయి. మిద్‌హత్ ఇక ఒట్లు వెయ్యడం మానేసి చేతులతో మొహం కప్పుకున్నాడు.

వంటవాళ్ళు వచ్చి బయూమీని లాగారు. వాళ్ళ వెనకే శహాతా హాజీ వచ్చాడు. చేతిలో జపమాల, కడుపు మీద తెల్లటి ఆప్రాన్.

"చంపింది చాలక నా మనుషుల్ని కూడా చంపుతావా?"

"నేను చంపానా? కింద మోటారుకీ ఫ్రీజరుకీ కరెంటిచ్చే పెట్టె ఇంకా నేల మీదే పడుంది హాజీ. ఇప్పుడే చూసొచ్చాను. దాన్ని నేల మీద పెట్టింది నేనా? గోడకి ఎత్తి కొట్టించమని నీకు..."

శహాతా జపమాల జేబులో వేసుకుని చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బ వంటవాళ్ళకు అనుమతి. మెట్ల మీద నుంచి ఈడ్చి రోడ్డు మీద పడేసేదాకా వాళ్ళ కాళ్ళు ఆగలేదు. బయూమీ పక్కటెముకలు పట్టుకుని పడి ఉన్నా కుడి పిడికిలి విప్పలేదు. అందులో ఆ ముద్ద ఉంది.

పోలీసుస్టేషన్లో జమేదారు టీ తాగుతూ అంతా విన్నాడు. హోటల్ సంగతి ప్రమాదం కింద మూసేశామన్నాడు. సయీదు వాళ్ళ సంగతంటావా, అది మీలో మీరు రాజీ పడాల్సిందే అన్నాడు. ఆ రాజీ ఎలా ఉంటుందో బయూమీకి మర్నాడే రొట్టెల బండి దగ్గర తెలిసింది. వరసలో నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో అతని చెవి అంచును చాకుతో తెగ్గోసి, "ఇది గుర్తు కోసం" అని చెవిలోనే చెప్పి నడిచి వెళ్ళిపోయారు. పరుగెత్తను కూడా లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తమ రొట్టెల వంకే చూస్తూ నిలబడ్డారు.

ఇన్‌షిరాహ్ చెవికి కాఫీ పొడి అద్ది గుడ్డ చుట్టింది. గుడ్డను కోపంగా బిగించి ముడివేసింది. అది చాకు పట్టినవాడి మీద కోపమో, మొగుడి మీద కోపమో ఆమెకే తెలియదు.

"మిద్‌హత్ వాళ్ళమ్మ వచ్చింది పొద్దున. గుమ్మం ముందు నిలబడి జుట్టు విరబోసుకుని శాపనార్థాలు పెట్టింది. వాడు గంజి కూడా తాగలేకపోతున్నాడంట. వాడే చేశాడని నువ్వు చూశావా?"

"వాడు కాకపోతే ఇంకెవడు?"

"ఏదీ, ఆ ముద్ద ఇలా ఇవ్వు."

ఆమె దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి గోటితో విడదీసింది. వాసన చూసింది. మెల్లగా మంచం మీద కూర్చుంది.

"ఇది నమిలిన లుబాన్ జిగురు. మా అమ్మమ్మ చేసేది. నీళ్ళ బాన కారితే లుబాన్ నమిలి, ఉన్ని కలిపి మెలితిప్పి చిల్లులో కూరేది. ఆరితే రాయే. ఈ ఊళ్ళో ఇది ఎవరికీ తెలీదయ్యా. ఇది సయీదు ఆడవాళ్ళ పని. వాళ్ళ ఇళ్ళలో పెరిగినవాడికే తెలుస్తుంది."

బయూమీ మొహం మెల్లగా విప్పారింది. అతను నవ్వితే పగిలిన పెదవి మళ్ళీ చిట్లింది.

"దాహి! వాడే! ఆ సందులో పడుకునేది వాడే. బుస వినలేక వాడే మూసుకున్నాడు! తొట్టి పెట్టిన రోజు నా నిచ్చెన పట్టుకున్నది కూడా వాడేనే. మేస్త్రీ, ఈ బెజ్జం ఎందుకు అని అడిగాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకురా, పోయి రొయ్యలు ఒలుచుకో అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు."

"మరి మిద్‌హత్?"

బయూమీ నవ్వు ఆగింది. 

మధ్యాహ్నం కూలీల పెద్ద ఒకాయన వచ్చాడు. తెల్లటి గడ్డం, నెమ్మదైన మాట. టీ ఇస్తే ముట్టుకోలేదు, పని తేలేదాకా తాగనన్నాడు.

"బాబూ, హరీదీని నేను శుక్రవారం దాకా ఆపగలను. ఆ తర్వాత నా వల్ల కాదు. ఒక్కటే దారి. జుమ్మా నమాజు అయ్యాక నీ శవానికి చుట్టే కఫన్ గుడ్డ నువ్వే చేతుల మీద మోసుకుని, వట్టి కాళ్ళతో, వట్టి తలతో మా వీధి మొదటి నుంచి హరీదీ గడప దాకా నడిచి రా. మోకాళ్ళ మీద కూర్చో. వాడు కత్తి నీ మెడకి ఆనిస్తాడు. కఫన్ తీసుకుంటే క్షమించినట్టు, నీ బదులు గొర్రెని కోస్తాం. తీసుకోకపోతే..." ఆయన లేచి నిలబడ్డాడు. "ఇప్పటిదాకా నేను చూసినవాళ్ళందరూ తీసుకున్నారు."

ఆయన వెళ్ళాక ఇన్‌షిరాహ్ మొగుడి కాళ్ళు పట్టుకుంది.

"పోతే తప్పు ఒప్పుకున్నట్టే. ఆ ముద్ద పెద్దాయన చేతికిచ్చెయ్. ఆయన మెల్లగా చెప్తాడు."

"మెల్లగానా?" అన్నాడు బయూమీ. "నా కొట్టు అందరి ముందూ పగలగొట్టారు. నేనూ అందరి ముందే వాడి మొహాన కొడతాను."

శుక్రవారం హరీదీ వాళ్ళుండే మీనా అల్-బసల్ వీధిలో మేడల మీదా మెట్ల మీదా జనమే. రేవు కూలీలందరూ వచ్చారు. ఆడవాళ్ళు కిటికీల వెనక ఉన్నారు. తారు రోడ్డు పెనంలా కాలుతోంది. బయూమీ వట్టి కాళ్ళతో నడుస్తున్నాడు. రెండు ముంజేతుల మీద మడతపెట్టిన తెల్లటి కఫన్ ఉంది. దాని కింద, కుడి పిడికిలిలో ముద్ద ఉంది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఉమ్మలేదు. ఆ నిశ్శబ్దం కంటే కర్రలే నయమనిపించింది.

గడప ముందు హరీదీ నిలబడి ఉన్నాడు, చేతిలో పొడుగాటి కత్తితో. పక్కనే గుంజకు కట్టిన గొర్రె నేల వాసన చూస్తోంది. మెట్ల మీద నల్లటి బట్టల్లో ఒక ముసలామె కూర్చుని కదురు తిప్పుతోంది. దాహి తల్లి సిత్తుహుమ్. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె ఏడవలేదనీ, ఉన్ని వడకడం ఆపలేదనీ వీధంతా చెప్పుకుంటున్నారు.

బయూమీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. హరీదీ వెనక్కి వచ్చి, అతని నుదురు పట్టి తల వంచి, కత్తి మెడకు ఆనించాడు. ఇనుము ఎండకు కాలి ఉంది.

"చెప్పు."

చెప్పవలసిన మాట పెద్దాయన నేర్పి పంపాడు. నా ప్రాణం నీ చేతిలో ఉంది, అల్లా కోసం క్షమించు అని. బయూమీ పిడికిలి విప్పి ముద్దను గడప ముందు విసిరాడు.

"నీ తమ్ముణ్ణి చంపింది ఇది! నేను పెట్టిన బెజ్జం నీళ్ళు ఆపడానికి. కరెంటు పోతే గాలి పీల్చి, నీళ్ళు వెనక్కి దిగకుండా ఆపేది అదే. దాన్ని దీంతో మూశారు. మూసిందెవరో కనుక్కో, అప్పుడు కొయ్యి!"

జనంలో కలకలం లేచింది. హరీదీ మొహం నల్లబడింది. అతని కత్తి బయూమీ మెడ మీద సన్నగా గీత గీసింది. నెత్తురు చొక్కాలోకి దిగింది.

"ఎవడు? పేరు చెప్పు! ఎవరి చెయ్యి దాన్ని మూసిందో ఆ చేతిని నరక్కపోతే నా పెళ్ళాం నాకు తలాకే! విన్నారా అందరూ? తలాకే!"

కదురు ఆగింది.

సిత్తుహుమ్ ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. మగవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఆమె వంగి ముద్దను తీసుకుంది, విడదీసింది. లోపల ఉన్నిలో గోధుమ పోగుతో కలిపి వడికిన నల్ల పోగు ఒకటి ఉంది. ఆమె నడుముకు దోపుకున్న కదురు మీద కూడా అదే ఉంది.

"ఇది నా ఉన్ని" అంది.

"అమ్మా, నువ్వు లోపలికి..."

"పోయిన శుక్రవారం వాడు భోజనానికొచ్చాడు. అమ్మా, గోడలో పాము బుసకొడుతోంది, మధ్యాహ్నం కునుకు పట్టట్లేదు, కళ్ళు మండుతున్నాయి అన్నాడు. పైపులో చిల్లంట. ఓస్, దానికింత ఏడుపెందుకురా అన్నాను. నేనే నమిలాను. నేనే మెలితిప్పి కాగితంలో చుట్టి జేబులో పెట్టాను." ఆమె కుడి చెయ్యి చాచింది. సన్నటి చెయ్యి, వేళ్ళ చివర ఉన్ని రాపిడికి కాయలు కాశాయి. "ఈ చెయ్యే. నరుకు."

వీధిలో గొర్రె తప్ప ఎవరూ కదలలేదు. హరీదీ కత్తి బయూమీ మెడ మీంచి పక్కకు జరిగింది. అంతటి మనిషీ చిన్నపిల్లాడిలా పెదవి కొరికాడు.

"అమ్మా..."

"నరకలేవా? అయితే నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. పేదవాళ్ళకి అన్నం పెడితే తీరిపోతుంది. ఒట్లు వేసేముందు అడగాలిరా, ఎవరు, ఎందుకు అని." ఆమె బయూమీ వైపు తిరిగింది. అప్పుడే మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. "నువ్వు చెప్పు బాబూ. ఆ బెజ్జం ఎందుకో మా దాహికి చెప్పావా? చెప్పినా వాడు వినలేదా?"

చెప్పానంటే సరిపోతుంది. కాదనేవాడు మట్టిలో ఉన్నాడు. కత్తి ఇంకా మెడ పక్కనే ఉంది. బయూమీకి నిచ్చెన పట్టుకుని తలెత్తి చూస్తున్న దాహి మొహం గుర్తొచ్చింది. అడిగింది నిజంగా తెలుసుకుందామనే. అందరూ నవ్వాక వాడూ నవ్వాడు, వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"అడిగాడు" అన్నాడు బయూమీ. "అడిగాడమ్మా. నేను చెప్పలేదు. రొయ్యలు ఒలుచుకోమన్నాను."

హరీదీ కత్తి మళ్ళీ పైకి లేచింది. ఆమె కొడుకు మణికట్టు పట్టుకుంది. 

"ఎందుకో తెలిస్తే నేను మూయమనేదాన్నా?" అంది మెల్లగా. "వాడు మూసేవాడా?"

బయూమీ తల నేలకు ఆనించాడు. ఈసారి అతని తలను ఎవరూ వంచలేదు. అతను వెక్కివెక్కి ఏడ్చాడు. మెడ మీద నెత్తురు, ఊడిన చెవి కట్టు, దుమ్ము, అన్నీ కలిసిపోయాయి.

పెద్దాయన ముందుకొచ్చి కఫన్ తీసుకోమన్నట్టు హరీదీ భుజం తట్టాడు. హరీదీ కదల్లేదు. సిత్తుహుమ్ కఫన్ అందుకుని, విప్పి, బయూమీ భుజాల మీద కప్పింది.

"ఇప్పుడు నేను తీసుకోను, నా కొడుకూ తీసుకోడు. ఇంకా నీకు దీంతో పనుంది. ఇలాగే, వట్టి కాళ్ళతో, ఆ హోటల్‌కి పో. అక్కడ పనిచేసేవాళ్ళందర్నీ పిలిచి ఆ బెజ్జం ఎందుకో చెప్పు. ఆ సందులో ఇంకొకడు పడుకుంటాడు. వాడికీ ఒక తల్లి ఉంటుంది. చెప్పాక వచ్చి కఫన్ నాకివ్వు. గొర్రెని అప్పుడు కోస్తాం."

హరీదీ కత్తి గుంజకు గుచ్చి బయూమీ వెనకే నడిచాడు. 

శుక్రవారం కావడంతో హోటల్ కిటకిటలాడుతోంది. శవం గుడ్డ కప్పుకుని, నెత్తురోడుతూ లోపలికొచ్చిన మనిషిని చూసి గిరాకీలు చేతిలోని చేపలు పళ్ళేల్లో వదిలేశారు. శహాతా హాజీ గల్లా వెనక నుంచి లేచాడు, కానీ వెనకే గుమ్మం నిండా హరీదీ కనిపించేసరికి మళ్ళీ కూర్చున్నాడు. హరీదీ అతని వంక చూడకుండా నేలమాళిగ మెట్లు దిగాడు. కింద పెళపెళమని ఏదో విరిగిన శబ్దం. తీగలతో సహా పెరికిన కరెంటు పెట్టెను పట్టుకొచ్చి హాజీ ముందున్న అన్నం పళ్ళెంలో పడేశాడు.

"మా తమ్ముడు దీని పక్కనే పడున్నాడు" అన్నాడు. "ఇంకా నేల మీదే ఉంది హాజీ. ఇక నీతో నేను మాట్లాడాలి. ముందు ఇతన్ని మాట్లాడనివ్వు."

పనివాళ్ళు సందు దగ్గర గుమిగూడారు. మిద్‌హత్ అందరికంటే వెనక ఉన్నాడు. కింది సగం మొహం వాచి నీలంగా ఉంది. బయూమీ బస్తా ఎక్కి, పైపు పట్టుకుని, వేలితో బెజ్జం చూపించాడు. నీళ్ళు ఎలా పైకెక్కుతాయో, మోటారు ఆగితే ఎందుకు వెనక్కి దిగుతాయో, గాలి ఎలా ఆపుతుందో చెప్పాడు. నీళ్ళు తగ్గితే బుస వస్తుంది, చెంబుడు నీళ్ళు పోస్తే పోతుంది, ఎప్పుడూ మూయకూడదు, వారానికోసారి పుల్లతో ఉప్పు గీకాలి అన్నాడు. అతను జీవితంలో ఎవరికీ అంత పొడుగు మాట చెప్పలేదు. మధ్యమధ్య తడబడ్డాడు. పని చేసినంత తేలిక కాదు చెప్పడం.

చెప్పడం అయ్యాక బస్తా దిగి మిద్‌హత్ ముందు నిలబడ్డాడు.

"నువ్వు కాదు" అన్నాడు. "నీకు తెలీదన్నది నిజమే."

 మిద్‌హత్ చాచి కొట్టాడు. పెదవి మళ్ళీ చిట్లింది. బయూమీ గోడకు తగిలి నిలదొక్కుకున్నాడు. రెండు చేతులూ కఫన్ కిందే ఉన్నాయి, పైకి లేవలేదు. మిద్‌హత్ చెయ్యి రెండోసారి లేచి, ఎందుకో మధ్యలో ఆగింది.

"మల్లీ చెప్పు" అన్నాడు. ముందు పళ్ళు లేక మాట నోట్లోనే నలిగింది. "మోతారు ఆగితే నీల్లు ఎటు పోతాయన్నావు?"

బయూమీ నోట్లో నెత్తురు మింగి, బస్తా ఎక్కి, మొదటి నుంచి చెప్పాడు.